ఉన్నట్టుండి భగ్గుమనే తార

2019 ఆగస్టు 21, మన గడియారాల ప్రకారం ఉదయం 7 గంటల 34 నిమిషాలు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బిగించిన నైసర్ అనే ఎక్స్-కిరణాల దూరదర్శిని ధనుస్సు రాశిలోని ఒక జంట తార వైపు చూస్తోంది. అప్పటికి రెండు వారాలుగా ఆ జంట మామూలుకన్నా ఎంతో ఎక్కువగా వెలుగుతోంది. ఆ నిమిషాన అది ఒక్కసారిగా భగ్గుమంది. ఇరవై సెకన్లలో మంట తగ్గుముఖం పట్టింది. ఆ ఇరవై సెకన్లలో అక్కడి నుంచి వెలువడిన శక్తి మన సూర్యుడు దాదాపు పది రోజుల్లో వెదజల్లే శక్తికి సమానం. నైసర్ 2017లో పని మొదలుపెట్టాక అంత ప్రకాశవంతమైన ఎక్స్-కిరణాల పేలుడును అప్పటిదాకా చూడలేదు.

ఆ జంట పేరు శాక్స్ జె1808.4-3658. శాక్స్ అన్నది దాన్ని మొదట పట్టుకున్న ఉపగ్రహం. అంకెలు ఆకాశంలో దాని చిరునామా. ఇక్కడ క్లుప్తంగా జె1808 అందాం. ఇటలీ, నెదర్లాండ్స్ కలిసి పంపిన బెప్పోశాక్స్ ఉపగ్రహానికి 1996 సెప్టెంబరులో అది తొలిసారి కనబడింది. ఆ తర్వాత 1998, 2000, 2002, 2005, 2008, 2011, 2015, 2019, 2022 సంవత్సరాల్లో మళ్లీ మళ్లీ వెలిగింది. వెలిగినప్పుడు కొన్ని వారాలు వెలుగుతుంది. ఆపైన రెండు, మూడు, నాలుగేళ్లపాటు ఉందా లేదా అన్నట్టు ఉండిపోతుంది.

దూరం నుంచి చూసేవాళ్లకు ఇదంతా ఉన్నట్టుండి జరిగినట్టే అనిపిస్తుంది. నిజానికి హఠాత్తుగా జరిగేది చివరి ఘట్టం ఒక్కటే. అంతకుముందు రెండు చోట్ల సరుకు పోగవుతూ వస్తుంది. ఒకచోట ఏళ్ల తరబడి, ఇంకోచోట గంటల తరబడి. మొదటి నిల్వ కదిలితే వారాలపాటు వెలుగు. రెండో నిల్వ అంటుకుంటే సెకన్లపాటు మెరుపు. 2019 ఆగస్టులో నైసర్ చూసింది ఆ వెలుగు మధ్యలో వచ్చిన ఒక మెరుపును.

ఈడూ జోడూ లేని జంట

ఈ జంటలో బరువైనది న్యూట్రాన్ తార. సూర్యుడికన్నా చాలా పెద్ద నక్షత్రం ఇంధనం అయిపోయి తన మీద తానే కూలిపోయినప్పుడు నడిమధ్య మిగిలే గోళం అది. సూర్యుడికన్నా ఎక్కువ పదార్థం సుమారు పన్నెండు కిలోమీటర్ల వ్యాసార్థంలోకి కుక్కుకుపోయి ఉంటుంది. ఉపరితలం మీద గురుత్వాకర్షణ భూమి మీద ఉన్నదానికి పదివేల కోట్ల రెట్లకు పైమాటే.

రెండోది పేరుకే తార. దాని బరువు సూర్యుడి బరువులో సుమారు ఇరవయ్యో వంతు. హైడ్రోజన్‌ను నిలకడగా మండించుకునే స్తోమత లేని ఇలాంటివాటిని గోధుమ మరుగుజ్జులు అంటారు. ఇదీ ఒకప్పుడు ఇంతకన్నా పెద్దదే. పక్కనున్నది యుగాల తరబడి లాగేసుకోగా మిగిలింది ఇంత.

రెంటి మధ్య దూరం సుమారు 6.3 లక్షల కిలోమీటర్లు. చందమామ మనకున్న దూరానికి రెట్టింపు కూడా కాదు. అంత దగ్గరగా ఉండబట్టే రెండు గంటల 49 సెకన్లకు ఒక చుట్టు తిరిగేస్తాయి. అక్కడ మన ఒక్క రోజులో పన్నెండు ఏడాదులు గడిచిపోతాయన్నమాట. ఈ దగ్గరితనమే అసలు కథకు మూలం. మరుగుజ్జు తార మీద, న్యూట్రాన్ తార వైపున్న చెక్కిలి దగ్గర, గ్యాసును ఎవరు పట్టి ఉంచాలన్న పోటీలో న్యూట్రాన్ తారదే పైచేయి. అక్కడి నుంచి గ్యాసు సన్నని ధారలా జారుతూ ఉంటుంది.

ఇదంతా మనకు సుమారు 11,000 కాంతి సంవత్సరాల దూరంలో జరుగుతోంది. అంటే నైసర్ 2019లో పట్టుకున్న మంట అక్కడ చల్లారి పదకొండు వేల ఏళ్లు.

పడటంలోనే ఉంది శక్తి

జారిన గ్యాసు తిన్నగా వచ్చి న్యూట్రాన్ తార మీద పడదు. రెండు తారలూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి కాబట్టి వచ్చే గ్యాసుకూ ఆ తిరుగుడు ఉంటుంది. అది న్యూట్రాన్ తార చుట్టూ పల్చని పళ్లెంలా పరుచుకుని గిరగిరా తిరుగుతుంది. పక్కపక్క వలయాల మధ్య ఒరిపిడి వల్ల గ్యాసు కొంచెం కొంచెంగా తిరుగుడు బలాన్ని కోల్పోతూ లోపలికి జరుగుతుంది. చివరికి ఉపరితలాన్ని తాకేటప్పటికి దాని వేగం కాంతి వేగంలో సగం దరిదాపుల్లో ఉంటుంది.

ఆ తాకిడి ఎంతటిదో చూడటానికి ఒక లెక్క వేద్దాం. సూర్యుడి గర్భంలో జరిగే కేంద్రక సంలీనంలో, అంటే హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు, పదార్థంలో 0.7 శాతం శక్తిగా మారుతుంది. హైడ్రోజన్ బాంబు వెనకున్నదీ సంలీనమే. అదే పదార్థాన్ని ఏమీ మండించకుండా న్యూట్రాన్ తార మీద ఊరికే పడేస్తే 15 నుంచి 20 శాతం దాకా శక్తి బయటికి వస్తుంది. విశ్వంలో పదార్థం నుంచి శక్తి రాబట్టే పద్ధతుల్లో దీన్ని మించినవి బహు కొద్ది. ఆ వేడికి గ్యాసు కోటి డిగ్రీల స్థాయికి చేరుతుంది. అంత వేడి వస్తువు ప్రధానంగా వెదజల్లేది కంటికి కనిపించే వెలుగును కాదు, ఎక్స్-కిరణాలను.

కాబట్టి జె1808 ఎంత వెలుగుతోందన్న ప్రశ్నకు మొదటి జవాబు, దాని మీద ఇప్పుడు ఎంత గ్యాసు పడుతోందన్నదే. పడేది తగ్గితే ఆరిపోయినట్టుంటుంది. పెరిగితే వెలుగుతుంది. నిద్రాణంగా ఉన్నప్పటికీ పూర్తిగా వెలిగినప్పటికీ ఎక్స్-కిరణాల్లో తేడా పదివేల రెట్లకు పైగా ఉంటుంది. మరి మరుగుజ్జు తార నుంచి గ్యాసు జారడం అంత విపరీతంగా పెరిగి తగ్గుతోందా? లేదు. అది ఇంచుమించు ఒకే తీరున వస్తోంది. తేడా అంతా మధ్యలో ఉన్న పళ్లెంలోనే ఉంది.

మొదటి నిల్వ: పళ్లెం

పళ్లెం చల్లగా ఉన్నంతకాలం అందులోని హైడ్రోజన్ పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను పట్టుకునే ఉంటాయి. అలాంటి గ్యాసులో ఒరిపిడి తక్కువ. ఒరిపిడి తక్కువైతే లోపలికి జరిగేది తక్కువ. బయటి అంచున వచ్చి చేరేది మాత్రం ఆగదు. దాంతో పళ్లెం నెలలు, ఏళ్ల తరబడి మందమవుతూ పోతుంది. మందం పెరిగే కొద్దీ వేడీ పెరుగుతుంది.

ఎక్కడో ఒకచోట వేడి పదివేల డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. అక్కడితో కథ మారిపోతుంది. హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోవడం మొదలవుతుంది. ఎలక్ట్రాన్లు ఊడిన గ్యాసు వెలుగును తన గుండా సాగనివ్వదు. వేడి బయటికి పోయే దారి మూసుకుపోవడంతో లోపల ఇంకా వేడెక్కుతుంది. ఇంకా వేడెక్కితే ఇంకా ఎలక్ట్రాన్లు ఊడతాయి. విద్యుదావేశం సంతరించుకున్న ఈ గ్యాసు అయస్కాంత రేఖలతో పెనవేసుకుంటుంది కాబట్టి వలయాల మధ్య ఒరిపిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఒరిపిడి మళ్లీ వేడిని పుట్టిస్తుంది. ఆ వేడి పక్క వలయానికి, అక్కడి నుంచి ఆ పక్క వలయానికి పాకుతుంది. పళ్లెం మొత్తం ఒక్కసారిగా కదిలి లోపలికి జారుతుంది.

చెరువులోకి వాగు ఏడాది పొడుగునా సన్నగానే వచ్చి ఉండవచ్చు. కట్ట తెగిన రోజున మాత్రం ఊరి మీద పడేది ఆ రోజు వాగులో వచ్చిన నీరు కాదు, ఏడాదిగా నిండిన చెరువు. జె1808 వారాలపాటు వెలిగేది అలా నిండిన సరుకుతోనే. తేడా ఏమిటంటే ఇక్కడ కట్ట తనంతట తానే మళ్లీ పూడుకుంటుంది. సరుకు తగ్గి పళ్లెం పల్చబడితే వేడి తగ్గుతుంది. హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్లను తిరిగి పట్టుకుంటుంది. ఒరిపిడి పడిపోతుంది. మళ్లీ నింపుకోవడం మొదలవుతుంది.

అయితే పళ్లెం చల్లారడం అంత తొందరగా జరగదు. లోపల పుట్టిన ఎక్స్-కిరణాలే బయటి వలయాల మీద పడి వాటిని వేడిగా ఉంచుతాయి. అందుకే వెలుగు ఒకటి రెండు రోజుల్లో ముగిసిపోకుండా వారాలు సాగుతుంది. జె1808 ఆరిపోయేటప్పుడు కూడా ఒక్క తీరున ఆరదు. అప్పుడప్పుడూ ఎగిసిపడుతూ, మళ్లీ తగ్గుతూ కొన్ని వారాలు ఊగిసలాడుతుంది.

ఈ సిద్ధాంతం దశాబ్దాలుగా ఉన్నదే. కానీ పళ్లెం కదలడం మొదలైన ఘడియ నుంచి ఎక్స్-కిరణాలు వెలిగేదాకా మొత్తం వరసను చూసే అవకాశం రాలేదు. ఉపగ్రహం ఎక్స్-కిరణాలను గమనించేసరికే పళ్లెం కదిలిపోయి ఉండేది. 2019లో ఆ అవకాశం దొరికింది. జె1808 మూడు నాలుగేళ్లకోసారి వెలుగుతుందని తెలుసు కాబట్టి ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన అడెల్ గుడ్విన్, ఆమె సహచరులు ముందుగానే కాపు కాశారు. లాస్ కుంబ్రెస్ అబ్జర్వేటరీ దూరదర్శినులతో మామూలు వెలుగులో, స్విఫ్ట్, నైసర్ దూరదర్శినులతో ఎక్స్-కిరణాల్లో దాన్ని వరసగా చూస్తూ వచ్చారు.

ముందు మామూలు వెలుగు పెరిగింది. పళ్లెం బయటి భాగం వేడెక్కుతోందన్నమాట. ఎక్స్-కిరణాలు వెంటనే రాలేదు. పన్నెండు రోజుల తర్వాత, ఆగస్టు మొదటి వారంలో వచ్చాయి. బయట రాజుకున్న వేడి లోపలి అంచు దాకా పాకి, గ్యాసు న్యూట్రాన్ తార మీద పడటానికి అంత కాలం పట్టింది. అంతకుముందు వేసుకున్న అంచనా రెండు మూడు రోజులే. పళ్లెంలో హీలియం పాలు ఎక్కువగా ఉండటం ఈ ఆలస్యానికి కారణం కావచ్చని ఆ బృందం భావించింది. హీలియం తన ఎలక్ట్రాన్లను వదలడానికి హైడ్రోజన్‌కన్నా ఎక్కువ వేడి కావాలి.

రెండో నిల్వ: ఉపరితలం

కిందపడిన గ్యాసు ఏమవుతుంది? తన శక్తినంతా ఎక్స్-కిరణాలుగా వదిలేసి న్యూట్రాన్ తార మీద పొరలా పరుచుకుంటుంది. అది పనికిరాని బూడిద కాదు, ఇంకా మండని ఇంధనం. అందులోని హైడ్రోజన్ పొర అడుగున మెల్లగా హీలియంగా మారుతుంది. హీలియం మాత్రం అంత తేలిగ్గా మండదు. పేరుకుపోతుంది.

పైనుంచి గ్యాసు వచ్చి పడుతూనే ఉంటుంది. అడుగున ఒత్తిడి, వేడి పెరుగుతూ పోతాయి. ప్రతి చదరపు సెంటీమీటరు మీద వంద టన్నుల స్థాయికి చేరేసరికి మూడు హీలియం కేంద్రకాలు కలిసి ఒక కార్బన్ కేంద్రకంగా మారే చర్య మొదలవుతుంది. ఈ చర్యకు వేడి అంటే మహా ప్రీతి. ఉష్ణోగ్రత కొంచెం పెరిగితే చాలు, వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

సూర్యుడి గర్భంలోనూ సంలీనం జరుగుతోంది కదా, అది ఇలా పేలిపోదేం? అక్కడ వేడి పెరిగితే గ్యాసు వ్యాకోచిస్తుంది. వ్యాకోచిస్తే పైనున్న బరువు తేలికపడి ఒత్తిడి తగ్గుతుంది, చల్లబడుతుంది, మంట దానంతట అదే అదుపులోకి వస్తుంది. న్యూట్రాన్ తార మీద ఈ అదుపు పనిచేయదు. పన్నెండు కిలోమీటర్ల గోళం మీద పొర మందం కొన్ని మీటర్లే. అది ఇంకొన్ని మీటర్లు పొంగినా కేంద్రం నుంచి దూరం మారినట్టే కాదు. పైనున్న బరువు తగ్గదు. ఒత్తిడి తగ్గదు. చల్లబడే వీలు లేక వేడి వేడిని పుట్టిస్తుంది. ఒకచోట అంటుకున్న మంట సెకను అటూ ఇటూగా తార మొత్తాన్ని చుట్టేస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. హీలియం మండితే వచ్చే శక్తి, అదే హీలియం పైనుంచి పడినప్పుడు వచ్చిన శక్తిలో సుమారు వందో వంతు. ఈ మంట నిత్యం కొంచెం కొంచెంగా సాగి ఉంటే పడే గ్యాసు వెలుగులో అది కలిసిపోయేది, ఎవరికీ ఆనవాలు దొరికేది కాదు. గంటల తరబడి కూడిన ఇంధనం సెకన్లలో తీరిపోవడం వల్లనే మనకు కనబడుతోంది. జె1808 2002లో వెలిగినప్పుడు ఇలాంటి మెరుపుల మధ్య ఎడం ఒక రోజు అటూ ఇటూగా ఉంది. రోజంతా దాచింది ఇరవై సెకన్లలో ఖర్చు. 2019 ఆగస్టు మెరుపులో తీరిపోయిన హీలియం బరువు లెక్కగడితే సుమారు ఇరవై కోట్ల కోట్ల టన్నులు వస్తుంది.

ఆ మెరుపును సెకనులో చిన్న చిన్న వంతులుగా విడదీసి చూస్తే ఇంకో విశేషం బయటపడింది. వెలుగు ఒక్క ఊపులో పైకి పోలేదు. వేగంగా పెరిగి ఒక మెట్టు దగ్గర ఆగింది. సెకనుకన్నా తక్కువసేపు అక్కడే నిలబడింది. తర్వాత మళ్లీ పెరిగి మొదటి మెట్టుకు సుమారు 1.7 రెట్ల ఎత్తున శిఖరం చేరింది. నాసా గొడ్డార్డ్ కేంద్రంలో పనిచేసే పీటర్ బుల్ట్, ఆయన బృందం 2019లోనే దీనికి వివరణ ఇచ్చారు.

వెలుగుకూ నెట్టే బలం ఉంది. అది పదార్థాన్ని నెట్టేది ప్రధానంగా ఎలక్ట్రాన్ల ద్వారా. ఒక హద్దు దాటితే ఆ నెట్టుడు గురుత్వాకర్షణను మించిపోయి పొరనే ఎగరగొడుతుంది. హైడ్రోజన్‌లో ఒక్కో ప్రోటాన్‌కు ఒక ఎలక్ట్రాన్. హీలియం కేంద్రకంలో నాలుగు కణాలుంటే ఎలక్ట్రాన్లు రెండే. అంటే అంతే బరువైన హీలియం మీద వెలుగుకు దొరికే పట్టు సగం. కాబట్టి హైడ్రోజన్ కలిసిన పొర ముందే చేతులెత్తేస్తుంది. హీలియం పొర ఇంకా ఎక్కువ వెలుగును ఓర్చుకుంటుంది. మొదటి మెట్టు దగ్గర పైనున్న హైడ్రోజన్ పొర లేచిపోయింది. అది తొలగాక వెలుగు హీలియం హద్దు దాకా పెరిగింది. హైడ్రోజన్ పాలు మన సూర్యుడిలోలా ఉంటే ఈ రెండు హద్దుల నిష్పత్తి సిద్ధాంతం ప్రకారం ఎంత ఉండాలో, చూసిన 1.7 దానికి సరిపోయింది.

అణు పరీక్షల కాపలాకు దొరికిన పేలుడు

ఇలాంటి మెరుపులు ఉన్నాయన్న సంగతే 1970ల దాకా ఎవరికీ తెలియదు. 1975 సెప్టెంబరులో నెదర్లాండ్స్ ఉపగ్రహం ఏఎన్ఎస్, ఎన్‌జీసీ 6624 అనే తారల గుంపు నుంచి వచ్చిన మెరుపును పట్టుకుంది. జొనాథన్ గ్రిండ్లే, జాన్ హైసే తదితరులు దాన్ని 1976లో ప్రకటించారు. అదే సమయంలో అమెరికాలోని లాస్ అలమోస్ శాస్త్రవేత్తలు తమ వేలా ఉపగ్రహాల సమాచారంలోనూ ఇలాంటివే ఉన్నట్టు కనుగొన్నారు. వేలా ఉపగ్రహాలను పంపింది నక్షత్రాల కోసం కాదు, దేశాలు దొంగచాటుగా చేసే అణు పరీక్షలను కనిపెట్టడం కోసం. అణు పేలుళ్లకు కాపలా పెడితే నిజంగానే అణు పేలుళ్లు దొరికాయి. కాకపోతే అవి జరిగింది నక్షత్రాల మీద.

అది న్యూట్రాన్ తార మీద హీలియం మంటేనని 1976లో స్టాన్ వూస్లీ, రొనాల్డ్ టామ్ చెప్పారు. రుజువు వేడిని కొలవడంలో దొరికింది. మెరుపు తగ్గేటప్పుడు వస్తువు క్రమంగా చల్లారుతున్నట్టు ఎక్స్-కిరణాల వర్ణపటం చూపుతుంది. వేడి ఎంతో, వెలుగు ఎంతో, దూరం ఎంతో తెలిస్తే వెలిగే వస్తువు ఎంత పెద్దదో లెక్క తేలుతుంది. ఎన్నో మెరుపులకు ఈ లెక్క కడితే వచ్చిన వ్యాసార్థం పది కిలోమీటర్ల దరిదాపులు. న్యూట్రాన్ తార స్థానంలో కృష్ణబిలం ఉంటే, దానికి మంట అంటుకోవడానికి ఉపరితలమే ఉండదు. అందుకే ఒక జంట తారలో ఇలాంటి మెరుపు ఒక్కటి కనబడినా అక్కడున్నది న్యూట్రాన్ తారేనని తేల్చేయవచ్చు. 1996లో జె1808ను గుర్తుపట్టిందీ అలాగే.

సెకనుకు 401 చుట్లు

1998 ఏప్రిల్‌లో జె1808 రెండోసారి వెలిగినప్పుడు అమెరికా ఉపగ్రహం ఆర్‌ఎక్స్‌టీఈ దాన్ని చూసింది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలోని రూడీ వైనాండ్స్, మైకేల్ వాన్ డెర్ క్లిస్ ఆ సమాచారంలో ఒక లయను గుర్తించారు. ఎక్స్-కిరణాలు సెకనుకు 401 సార్లు పెరిగి తగ్గుతున్నాయి. న్యూట్రాన్ తార అంత వేగంగా తన చుట్టూ తాను తిరుగుతోంది. దాని అయస్కాంత క్షేత్రం పడే గ్యాసును అయస్కాంత ధ్రువాల వైపు మళ్లిస్తుంది. ధ్రువాల దగ్గర పుట్టిన వేడి మచ్చ ప్రతి చుట్టుకూ ఒకసారి మన వైపు తిరుగుతుంది. ఆ వేగానికి తార నడుము మీద ఒక బిందువు సెకనుకు 30,000 కిలోమీటర్లు పరుగెడుతుంది. కాంతి వేగంలో పదో వంతు అది.

అదే సమయంలో ఎంఐటీలోని దీప్తో చక్రవర్తి, ఎడ్వర్డ్ మోర్గన్ ఆ లయను ఇంకా దగ్గరగా చూశారు. స్పందనలు సరిగ్గా వేళకు రావడం లేదు. ఒక గంట సుమారు 63 మిల్లీసెకన్ల దాకా ముందుగా, తర్వాతి గంట అంతే ఆలస్యంగా వస్తున్నాయి. రెండు గంటలకోసారి ఇదే వరస. న్యూట్రాన్ తార మన వైపు కొంచెం జరిగినప్పుడు వెలుగు ప్రయాణించాల్సిన దూరం తగ్గుతుంది, అటు జరిగితే పెరుగుతుంది. 63 మిల్లీసెకన్లలో కాంతి వెళ్లే దూరం దాదాపు 19,000 కిలోమీటర్లు. పదకొండు వేల కాంతి సంవత్సరాల అవతల ఒక తార అంత కొద్ది మేర ఊగుతోందని గడియారం చూసి చెప్పారు. ఆ ఊగుడు నుంచే సహచర తార ఎంత చిన్నదో తెలిసింది.

ఈ లయ కోసం శాస్త్రవేత్తలు అప్పటికి పదహారేళ్లుగా ఎదురుచూస్తున్నారు. 1982లో సెకనుకు 642 సార్లు తిరిగే రేడియో పల్సార్, అంటే తిరుగుతూ లయగా రేడియో తరంగాలు పంపే న్యూట్రాన్ తార, దొరికింది. న్యూట్రాన్ తారలు వయసు మీరే కొద్దీ నెమ్మదించాలి, మరి ఇది ఇంత వేగం ఎలా పుంజుకుంది? బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలోని వి. రాధాకృష్ణన్, జి. శ్రీనివాసన్ ఆ ఏడాదే దీనికి జవాబు సూచించారు. విదేశాల్లో అలీ అల్పర్, ఆయన సహచరులు కూడా విడిగా ఇదే మాట చెప్పారు. నెమ్మదించిన న్యూట్రాన్ తార మీద సహచరి నుంచి గ్యాసు పడుతూ ఉంటే, ఆ గ్యాసు తిరుగుడు తారకు సంక్రమించి దాన్ని మళ్లీ వేగంగా తిప్పుతుందన్నది ఆ వాదన. అది నిజమైతే గ్యాసు మీద పడుతూ ఉండగానే సెకనుకు వందల సార్లు తిరిగే తార ఎక్కడో ఒకచోట ఎక్స్-కిరణాల్లో కనబడాలి. అలా కనబడిన మొదటిది జె1808. ఆ తర్వాత ధనుస్సు రాశిలోనే ఉన్న ఎం28 తారల గుంపులో, రేడియో పల్సార్‌గా ముందే తెలిసిన ఒక తార 2013లో ఎక్స్-కిరణాల్లో వెలిగి, కొన్ని వారాలకే తిరిగి రేడియో పల్సార్‌గా మారిపోయింది. ఒకే తారలో రెండు దశలూ కంటి ముందే కనబడ్డాయి.

జె1808 లయ ఇంకో ఉపకారం కూడా చేసింది. 2002 అక్టోబరులో దాని మీద వచ్చిన మెరుపుల్లోనూ అదే 401 లయ కనబడింది. దాంతో వేరే న్యూట్రాన్ తారల మెరుపుల్లో కనిపించే మినుకుమినుకు కూడా వాటి తిరుగుడు వేగమేనని రూఢి అయింది. మామూలు సమయంలో లయ చూపని తారల వేగాన్ని కొలవడానికి ఇప్పుడు మెరుపులే ఆధారం.

హైదరాబాద్ బెలూన్ల నుంచి ఆస్ట్రోశాట్ దాకా

ఎక్స్-కిరణాలను మన వాతావరణం నేల దాకా రానివ్వదు. 1962లో రికార్డో జకోనీ బృందం రాకెట్‌తో వాతావరణం దాటి వెళ్లి, వృశ్చిక రాశిలో స్కో ఎక్స్-1 అనే మూలాన్ని కనుగొంది. సూర్యుణ్ని మినహాయిస్తే ఆకాశంలో దొరికిన మొదటి ఎక్స్-కిరణాల మూలం అదే. అదీ ఒక న్యూట్రాన్ తార జంటే. రాకెట్ కొన్ని నిమిషాలే పైన ఉంటుంది. బెలూన్ గంటల తరబడి తేలుతుంది. టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1968లో హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్లతో స్కో ఎక్స్-1ను గమనించారు. మన దేశంలో ఎక్స్-కిరణాల ఖగోళశాస్త్రం తొలి అడుగులు అవి.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 రాకెట్ ఆస్ట్రోశాట్‌ను మోసుకెళ్లింది. అందులో టాటా సంస్థ తయారుచేసిన లాక్స్‌పీసీ పరికరం సెకనులో లక్షో వంతు దాకా కాలాన్ని విడదీసి ఎక్స్-కిరణాలను నమోదు చేయగలదు. సెకనుకు 401 సార్లు తిరిగే తారను చూడటానికి కావలసింది అదే. 2019 ఆగస్టులో ఆస్ట్రోశాట్ కూడా జె1808 వైపు తిరిగి ఆ లయను పట్టుకుంది. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచే వెళ్లిన ఎక్స్‌పోశాట్ ఎక్స్-కిరణాలు ఏ దిక్కుగా కంపిస్తున్నాయో కొలవడానికి ఉద్దేశించినది.

ఎందుకింత పట్టుదల?

న్యూట్రాన్ తార గర్భంలో పదార్థం పరమాణు కేంద్రకంకన్నా సాంద్రంగా ఉంటుంది. అలాంటి పదార్థాన్ని ఏ ప్రయోగశాలలోనూ పోగుచేసి నిలబెట్టలేం. అది ఎంత గట్టిదో తెలియాలంటే ఒకటే దారి, తార బరువునూ వ్యాసార్థాన్నీ కచ్చితంగా కొలవడం. మెత్తని పదార్థమైతే తార చిన్నదిగా నలుగుతుంది, గట్టిదైతే కొంచెం పెద్దదిగా నిలబడుతుంది. తేడా ఒకటి రెండు కిలోమీటర్లే. మెరుపుల వేడి, రెండు హద్దుల నిష్పత్తి, ధ్రువాల మచ్చల లయ, వీటన్నిటి విలువా అక్కడుంది. ఇవి తార తన కొలతలను తానే బయటపెట్టే సందర్భాలు.

జె1808 విషయంలో ఆ కొలతలకు ఇంకా కొన్ని ముడులు అడ్డున్నాయి. 2019 మెరుపు తగ్గిపోతుండగా వెలుగు ఉన్నట్టుండి 20 శాతం పెరిగి మళ్లీ తగ్గింది. ఎందుకో బుల్ట్ బృందం చెప్పలేకపోయింది. హీలియం మంటకు సంబంధించిన ఏ సాధారణ లెక్కలోనూ ఆ చిన్న ఎగుడు ఇమడదు. ఎగిరిపోయిన పొర తిరిగి ఎలా కుదురుకుంది, చుట్టూ ఉన్న పళ్లెం ఆ వెలుగుకు ఎలా స్పందించింది అన్నవి తేలకుండా వ్యాసార్థం లెక్కలో కచ్చితత్వం రాదు.

వీటిని తేల్చాలంటే ఒక్క మెరుపు చాలదు. వెలుగు మొదలైన నాటి నుంచి ఆరేదాకా వచ్చే మెరుపులన్నిటినీ వరసగా చూడాలి. 1996లో బెప్పోశాక్స్‌కు ఇది అనుకోకుండా తారసపడింది. 1998లో ఆర్‌ఎక్స్‌టీఈ కూడా వెలిగాకే చూడగలిగింది. ఇప్పుడు పళ్లెం మామూలు వెలుగులో ముందే ఆనవాలు ఇస్తుందని తెలిసింది. నేల మీది ఒక మాదిరి దూరదర్శినితో ఆ ఆనవాలు పట్టుకోవచ్చు. 2019లోలాగే నడిస్తే, ఎక్స్-కిరణాల ఉపగ్రహాలను అటు తిప్పి పెట్టుకోవడానికి పన్నెండు రోజుల వ్యవధి దొరుకుతుంది.